మొదటి సిట్టింగుల ఇలారియో

దొన్ ఇలారియోకి, అంటే ఇలారియో గారికి, ఉన్నది ఒకటే పిచ్చి. ఏ మనసు డాక్టరు దగ్గరికైనా ఆయన ఒక్కసారే వెళ్తాడు. మొదటి సిట్టింగుకి వెళ్తాడు, రెండోదానికి వెళ్ళడు. పలెర్మో పేటలో మా వీధి, పక్క వీధి, దాని పక్క వీధి కలిపి ఆయన కూర్చోని డాక్టరు గది లేదు. రెండుసార్లు కూర్చున్న గది కూడా లేదు.

మా బ్యూనస్ ఎయిర్స్ ఊళ్ళో మనసు డాక్టరు దగ్గరికి వెళ్ళడం వింతేమీ కాదు. వెళ్ళనివాణ్ణి చూస్తేనే జనం జాలిపడతారు. ఇద్దరు కలిస్తే ముందు వాన సంగతి, తర్వాత ఫుట్‌బాల్ సంగతి, ఆ తర్వాత "మా డాక్టరేమందంటే" అని మొదలుపెడతారు. కూరగాయల కొట్టాయన టమాటాలు తూస్తూ రాత్రి వచ్చిన కల చెబుతాడు, దాని అర్థం మనల్నే అడుగుతాడు. కాకపోతే అందరూ ఒక డాక్టర్ని పట్టుకుని ఏళ్ళ తరబడి వేలాడతారు. మొగుణ్ణి వదిలేసిన ఆడవాళ్ళు మా వీధిలో చాలామంది ఉన్నారు గాని, డాక్టర్ని వదిలేసినవాళ్ళు నాకు తగల్లేదు. అలాంటి చోట ఒక్కసారే వెళ్ళి మానెయ్యడమంటే, విందుకి పిలిస్తే వెళ్ళి మొదటి ముద్ద తిని చెయ్యి కడుక్కున్నట్టు.

మా బిల్డింగు ఆరంతస్తులు. అందులో నిజంగా కాపురం ఉండేది ఇద్దరమే. మూడో అంతస్తులో నేను, ఐదో అంతస్తులో ఆయన. మిగతావన్నీ సిట్టింగుల గదులు. పగలంతా లిఫ్టు నిండా ముక్కులు చీదుకునే జనం. సాయంత్రమయ్యేసరికి డాక్టర్లు దీపాలార్పి వెళ్ళిపోతే అంత బిల్డింగూ మా ఇద్దరికీ మిగిలేది.

నా పేరు ఎల్వీరా. రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని బళ్ళ రాకపోకలు చెప్పడం నా ఉద్యోగం. నా గొంతు ఎరగనివాళ్ళు ఈ ఊళ్ళో లేరు, నా మొహం ఎరిగినవాళ్ళూ లేరు. రిటైరైన మరుసటి ఏడే మా అక్క ఒతీలియా పోయింది. ఇద్దరం పెళ్ళి చేసుకోలేదు, ఒకరికొకరం ఉన్నాం కదా అనుకున్నాం. అది పోయాక ఇల్లు నోరు మూసుకుంది. ఇందులో దాచేదేముంది, ఒంటరితనం నన్ను పట్టుకుని పీడిస్తూ ఉండేది. పొద్దున లేస్తే ఇవాళ ఒక్క మనిషైనా నాతో ఒక్క మాటైనా అంటాడా అన్నదే నా దిగులు. కానీ ఇది దొన్ ఇలారియో కథ, నాది కాదు. నాది మధ్యలో దానంతటదే వస్తుంది.

ఆయన్ని నేను బాగా ఎరిగింది లిఫ్టులోనే. చెత్త సంచీ పట్టుకుని దిగుతుంటే పైనుంచి వస్తూ కనపడేవాడు. పొడుగ్గా, సన్నగా, నడి ఎండాకాలంలో కూడా కోటు వేసుకుని ఉండేవాడు. చెప్పుల దుకాణంలో జీవితమంతా జనం కాళ్ళ దగ్గర కూర్చుని జోళ్ళు తొడిగిన మనిషి. అంచేత ఎవరు ఎదురైనా మొహం చూడడు, కాళ్ళు చూస్తాడు. "నమస్కారం ఎల్వీరా గారూ" అని నా బూట్లతో అనేవాడు.

"ఇవాళ నాలుగో అంతస్తు ఆయన దగ్గరికెళ్ళొస్తున్నా," అన్నాడోసారి.

"ఎలా ఉన్నాడు?"

"కుర్చీ బాగుంది. మనిషే ఇరుకు. బొటనవేలి దగ్గర నొక్కుతున్నాడు."

ఎవరి గురించి అడిగినా ఇదే వరస. ఒకావిడ అరికాలి దగ్గర గట్టి. ఇంకొకాయన చూడ్డానికి మెరుస్తాడు గాని వానకి తట్టుకోడు. ఆరో అంతస్తు ముసలాయన పాతబడ్డాడు, అయినా నడవడానికి హాయి.

"అంత హాయైతే మళ్ళీ వెళ్ళొచ్చుగా?"

"బాగుంటే నేనెందుకు వెళ్ళడం?" అన్నాడు ఆయన, అడిగిన నాదే తెలివితక్కువ అన్నట్టు.

మొదటి సిట్టింగుకి చాలామంది డబ్బు పుచ్చుకోరు కాబట్టి ఇది వట్టి పిసినారి వేషమని వీధిలో కొందరు తేల్చేశారు. కాదు, ముసలాడికి కబుర్లు చెప్పడానికి మనిషి కావాలి, ఉచితంగా దొరికితే ఎవరు కాదంటారు అని ఇంకొందరు. నేను రెండో జట్టులో ఉండేదాన్ని. ఆ బాధ నాకు తెలుసు కనక.

ఇంకా చిత్రం ఏమిటంటే, ఏ డాక్టరుకి చెప్పిన జబ్బు మరో డాక్టరుకి చెప్పడు. ఒక వారం ఆయనకి వంతెనలంటే భయం, బస్సు వంతెనెక్కితే చేతులు వణుకుతాయి. ఇంకో వారం పరీక్ష తప్పుతానని దిగులు. డెబ్బై దాటిన మనిషికి పరీక్షేమిటో, ఏ కాలేజీవాళ్ళు పెడుతున్నారో ఆయనకే తెలియాలి. వీటిని ముందు లిఫ్టులో నా మీద ప్రయోగించి చూసేవాడు.

"బిడ్డ పుట్టిన దగ్గర్నుంచి నాకు ఏడుపు ఆగట్లేదు, బిడ్డని ఎత్తుకోవాలంటే భయమేస్తోంది. ఇలా అంటే మీరు నమ్ముతారా?"

నేను చెత్త సంచీ కింద పెట్టి ఆయన్ని పైనుంచి కిందిదాకా చూశాను. "ఎవరి బిడ్డ?"

"నాదే అనుకోండి."

"మీరు కన్నారా?"

"అదే కదా పరీక్ష," అని తల ఊపుతూ వెళ్ళిపోయాడు. సాయంత్రం మళ్ళీ నేను చెత్త తీసుకుని దిగుతుంటే కనపడ్డాడు. డాక్టరేమన్నాడని అడిగాను. "కాసేపు నన్నే చూశాడు. తర్వాత, బిడ్డ పేరేమిటి అనడిగాడు. నవ్వలేదు ఎల్వీరా గారూ. ఈ మొహం పెట్టుకుని నేనా మాటంటే నవ్వలేదు," అని ఎంతో తృప్తిగా చెప్పాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకి పూలకొట్టావిడ కోడలు పసిబిడ్డని గుండెకి కరుచుకుని అదే డాక్టరు గదికి వెళ్తూ లిఫ్టులో కనపడింది. అప్పుడు నాకేమీ తోచలేదు.

ఇన్ని గదుల్లో కూర్చుని లేచినందుకు ఆయనకి దక్కిన శిక్ష ఒకటుంది. మా దగ్గర డాక్టరూ పేషెంటూ వీధిలో ఎదురైతే పలకరించుకోరు, చూడనట్టు పోతారు. అది మర్యాద. అంచేత దొన్ ఇలారియో పొద్దున రొట్టె తెచ్చుకోవడానికి బయల్దేరితే, ఎదురైన ప్రతి డాక్టరూ చెట్లకేసో చేతి గడియారంకేసో చూసేవారు. వీధి వీధంతా ఆయన్ని ఎరుగును, ఆయనతో మాట్లాడేవాళ్ళు మాత్రం లేరు. "చూశారా, నేను నడుస్తుంటే అందరూ ఎలా తలొంచుకుంటారో. రాజుగారికి కూడా ఇంత మర్యాద దక్కదు," అని నవ్వేవాడు. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

మా బిల్డింగుకి ఎదురుగా కాఫీ హోటలుంది. సర్వరు ఫెర్మీన్ ఆయన్ని మాస్టారూ అని పిలిచేవాడు. కిటికీ పక్క బల్ల ఆయనది. అక్కణ్ణించి మా వీధి తలుపు కనపడుతుంది. మొదటిసారి వచ్చేవాళ్ళని ఇట్టే పట్టేసేవాడు. గుమ్మం పక్క కాలింగ్ బెల్లుల పలక ముందు నించుని, నొక్కుదామా వద్దా అని తటపటాయిస్తుంటారు. "కాలివేళ్ళు తలుపు వైపు, మడమలు బస్టాపు వైపు," అంటూ లేచివెళ్ళి వాళ్ళని హోటల్లోకి తీసుకొచ్చి, పాలు తక్కువ కాఫీ ఒకటి పెట్టించి, మొదటి సిట్టింగులో ఏం జరుగుతుందో మొదలుపెట్టేవాడు.

వీధి తలుపుకి ఎప్పుడూ తాళమే కాబట్టి డాక్టరే తాళంచెవి పట్టుకుని కిందికి దిగొస్తారు. లిఫ్టులో మీరిద్దరూ నోరెత్తరు, ఇద్దరూ అంతస్తు నంబర్లు చూస్తూ నించుంటారు, దానికి కంగారుపడొద్దు. మంచమ్మీద పడుకోబెడతారేమోనని భయపడకండి, మొదటిరోజు మంచం ఉండదు. గడియారం మీ వెనకాల ఉంటుంది, అది వాళ్ళకోసం. కాయితం రుమాళ్ళ పెట్టె మీ పక్కనుంటుంది, అది మీకోసం. నేనేడవను అనుకుని వెళ్తారు, తీరా వెళ్ళాక చిన్నప్పుడు తప్పిపోయిన కుక్కపిల్ల గురించి ఏడుస్తారు, అలాగే జరుగుతుంది. "ఏమిటిలా వచ్చారు?" అని అడిగి ఊరుకుంటారు. ఎంతసేపైనా ఊరుకుంటారు. నిద్రపోయారనుకోకండి, చాలామంది నిద్రపోరు. ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో తెలియకపోతే బస్సు ఆలస్యమైందని మొదలుపెట్టండి, అసలు చోటుకి అదే తీసుకెళ్తుంది. ఇది పరీక్ష కాదు, తప్పు జవాబంటూ లేదు. మీరు కూడా వాళ్ళని ఏదైనా అడగొచ్చు. నచ్చకపోతే ఇంకొకరి దగ్గరికి వెళ్ళొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇంతవరకూ చక్కగా ఉండేది. ఆ తర్వాతే ఆయనకి పూనకం వచ్చేది. కప్పు పక్కకి జరిపి, ముందుకి వంగేవాడు.

"చివర్లో ఒక మాటంటారు. 'ఇక్కడితో వదిలేద్దాం' అంటారు. జాగ్రత్తగా వినండి. మిమ్మల్ని వదిలెయ్యడం కాదు. ఇవాళ్టికి షట్టరు దించడం, అంతే. మళ్ళీ రమ్మనే దాని అర్థం. ఏదీ, మీరోసారి చెప్పండి."

వాళ్ళు బిక్కమొహం వేసుకుని చెప్పేవాళ్ళు. చెప్పించుకోనిదే కదలనిచ్చేవాడు కాదు. ఈ ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు ఆ మాట. ప్రతి డాక్టరూ ప్రతి సిట్టింగు చివరా అనేదదే. దానికింత వ్యాఖ్యానం ఏమిటని ఫెర్మీన్ పొట్ట పట్టుకుని నవ్వేవాడు. ఖాళీ కప్పులు తీస్తూ "ఇక్కడితో వదిలేద్దామా మాస్టారూ?" అనేవాడు. ఆయన నవ్వకుండా, "షట్టరు దించడమేనోయ్, వదిలెయ్యడం కాదు," అనేవాడు.

విడ్డూరమేమిటంటే ఆ మాట ఆయన చెవిన ఎన్నడూ పడలేదు. టైము దగ్గరపడుతోందని తెలియగానే డాక్టరు నోరు తెరవకముందే లేచి, కోటు సర్దుకుని, సెలవు పుచ్చుకునేవాడట. ఎందుకలాగని అడిగితే, "ఊరికే," అన్నాడు. ఆ ఒక్క విషయంలో ఆయన నా బూట్లతో కూడా మాట్లాడలేదు.

మాకు జనవరి అంటే నడి ఎండాకాలం, అది వస్తే మా డాక్టర్లంతా కట్టగట్టుకుని సముద్రపొడ్డుకి పోతారు. కాస్త డబ్బున్న పేషెంట్లు కూడా వాళ్ళ వెనకే అదే ఊరికి పోయి, ఇసకలో ఒకరికొకరు ఎదురై మొహాలు తిప్పుకుంటారు. ఊళ్ళో మిగిలేది ఎండా, మాలాంటివాళ్ళమూ. మా బిల్డింగు కాపలాదారు కూడా తాళాల గుత్తి దొన్ ఇలారియో చేతిలో పెట్టి ఊరెళ్ళిపోయేవాడు. లిఫ్టు పొద్దుణ్ణించి సాయంత్రం దాకా ఒకే చోట నించునుండేది. నేను చెత్త తీసుకుని దిగేదాన్ని. ఎవరూ ఎక్కేవాళ్ళు కాదు. కాసేపాగి మళ్ళీ దిగేదాన్ని.

ఆ జనవరిలో ఒకరోజు ఆయన లిఫ్టులో ఉన్నాడు. జాలీ తలుపు మూస్తుంటే లిఫ్టు అదిరి నా చేతిలో సంచీ జారిపడింది. ఆయన వంగి తీసి ఇచ్చాడు. ఇచ్చేముందు దాన్ని ఒక క్షణం అలాగే పట్టుకున్నాడు. తర్వాత మామూలుగా నా కాళ్ళవైపు చూశాడు.

"చెత్త పారెయ్యడానికి మంచి జోడు వేసుకున్నారే," అన్నాడు.

"ఏం, వేసుకోకూడదా?" అన్నాను. నా మొహం వేడెక్కింది. కిందికి దిగేదాకా ఇద్దరం నంబర్లు చూస్తూ నించున్నాం.

అంతకుముందు డిసెంబరులోనే నా పక్క గదిలోకి ఆయెలేన్ అని కొత్త డాక్టరమ్మ వచ్చింది. చిన్నపిల్ల, అప్పుడే చదువు ముగించి బోర్డు పెట్టింది. సముద్రానికి వెళ్ళే స్తోమత లేక ఊళ్ళోనే ఉండిపోయింది. ఆ గది కిటికీ, నా వంటింటి కిటికీ గాలి కోసం వదిలిన ఒకే సందులోకి తెరుచుకుంటాయి. మామూలు రోజుల్లో నేను రేడియో పెట్టుకుంటాను, వాళ్ళు ఏసీ వేసుకుని కిటికీ మూసుకుంటారు, ఎవరి గుట్టు వాళ్ళకుంటుంది. సంచీ జారిపడిన కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మా ఊళ్ళో ఎండలు ముదిరితే కరెంటు పోవడం మామూలే. రేడియో ఆగిపోయింది, రెండు కిటికీలూ తెరుచుకున్నాయి. నేను తడిగుడ్డ మెడకి చుట్టుకుని వంటింట్లో కూర్చున్నాను. పక్కనుంచి దొన్ ఇలారియో గొంతు వినపడింది.

ఈసారి ఏ జబ్బో చూద్దామని నవ్వుకుంటూ చెవి ఒగ్గాను.

"నేను రోజుకి చాలాసార్లు చెత్త కిందికి తీసుకెళ్తాను," అంటున్నాడు. "సంచీలో చెత్తేమీ ఉండదు. నిండుగా కనపడ్డానికి పాత పేపర్లు నలిపి పెడతాను. లిఫ్టులో ఎవరైనా ఎక్కి, ఏ అంతస్తండీ అంటే చాలు, ఆ రోజు గడిచిపోతుంది."

నా నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"ఒకప్పుడు నేను మైకులో మాట్లాడేదాన్ని," అన్నాడు. వెంటనే సర్దుకుని, "మాట్లాడేవాణ్ణి. వేలమంది వినేవాళ్ళు. ఇంట్లో అక్క ఉండేది. ఇప్పుడు లేదు."

ఆ అమ్మాయి నవ్వలేదు, అయ్యో పాపం అననూ లేదు. తర్వాత మెల్లిగా, "నిజంగా ఎవరైనా ఎక్కితే ఏం చెప్పాలనుంటుంది మీకు?" అనడిగింది.

దొన్ ఇలారియోకి జవాబు తెలియలేదు. ఎలా తెలుస్తుంది? జబ్బు ఆయనది కాదుగా. ఆయన గొంతు సవరించుకుంటున్నాడు, నేను ఇవతల కిటికీ చువ్వ పట్టుకుని నించున్నాను. నాకు జవాబు తెలుసు. ఇంకొక్క క్షణముంటే ఆ సందులోకి కేకేసి చెప్పేసేదాన్ని. ఆయన కుర్చీ జరిపిన చప్పుడు, సెలవు పుచ్చుకున్న చప్పుడు వినపడ్డాయి.

లిఫ్టు లేదు కనక ఆయన మెట్లెక్కాల్సిందే. మెట్ల మీద అడ్డంగా నించున్నాను. కోపమో సిగ్గో నాకే తెలియలేదు.

"నా చెత్త సంగతి మీకెందుకండీ?"

ఆయన నా కాళ్ళకేసి చూశాడు. అప్పుడు నేను వట్టి కాళ్ళతో ఉన్నాను. తొందరలో జోడు మర్చిపోయాను. అది చూసి ఆయన మొట్టమొదటిసారి తలెత్తి నా మొహంలోకి చూశాడు.

"కొలత తీసుకున్నాను," అన్నాడు. "ఈ అమ్మాయి మీకు సరిపోతుంది. ఎక్కడా నొక్కదు."

అప్పుడు అన్నీ ఒకదానెనక ఒకటి గుర్తొచ్చాయి. "మరి ఆ బిడ్డ?" అన్నాను. "పరీక్ష? వంతెన?" అన్నాను. "ఎవరివో వాళ్ళవి," అన్నాడు, అంతకుమించి ఒక్క పేరు కూడా చెప్పలేదు. ఎవరైనా బాధపడుతున్నారని తెలిస్తే, ఆ బాధ తాను వేసుకుని ముందు తాను వెళ్ళి చూసేవాడు. డాక్టరు నవ్వినా, విసుక్కున్నా, గడియారం చూసినా ఆ గది కొట్టేసేవాడు. సరిపోయే చోటికి అసలు మనిషిని పంపించేవాడు.

"వాళ్ళే వెళ్ళి చూసుకోవచ్చుగా?"

"మొదటిరోజు ఒకసారి నొక్కితే రెండోసారి కాలు పెట్టరండీ," అంటూ మెట్టు మీద కూలబడ్డాడు. నేను కూడా కూర్చున్నాను. అప్పుడు సులేమా సంగతి చెప్పాడు.

సులేమా ఆయన భార్య. దేశానికి ఉత్తరాన చాకో వైపు పల్లెటూరి మనిషి. ఈ ఊరొచ్చిన కొన్నాళ్ళకి ఏమైందో, గడప దాటడం మానేసింది. కిటికీలు కూడా తెరవనిచ్చేది కాదు. ఈయన చాలాకాలం బతిమాలి మనసు డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి ఒప్పించాడు. ఆ రోజు ఆమె మంచి గౌను వేసుకుంది. తన జోడు తనే పాలిష్ చేసుకుని, ఒంటరిగానే వెళ్తానంది. గంట గడిచాక ఇంటికొచ్చి, కోటు విప్పి కొక్కేనికి తగిలించింది.

"'ఇక్కడితో వదిలేద్దాం' అన్నాడయ్యా డాక్టరు, అంది. అంటే నాది నయమయ్యేది కాదన్నమాట. పాపం, మర్యాదగానే చెప్పాడులే, అంది."

ఆ మాట ఆమెకి తెలియదు, ఈయనకీ తెలియదు. ఇద్దరూ నమ్మారు. ఆమె మళ్ళీ ఎవరి దగ్గరికీ వెళ్ళలేదు, ఆ తలుపులేసుకున్న ఇంట్లోనే పోయింది. తర్వాత చాలాకాలానికి దుకాణంలో ఒకాయన జోడు తొడుక్కుంటూ, "మా డాక్టరు ఉన్నాడు చూడండి, ప్రతివారం మంచి పట్టులో ఉండగా ఇక్కడితో వదిలేద్దాం అంటాడు," అని నవ్వుతూ చెప్పాడట. దొన్ ఇలారియో ఒక చేతిలో బూటుతో నేల మీద అలాగే కూర్చుండిపోయాడట.

"ఎవరైనా ముందే చెప్పి ఉంటే సరిపోయేదండీ," అన్నాడు. "ఒక్క మాట."

కరెంటు లేని బిల్డింగులో ఎక్కడా చప్పుడు లేదు. కాసేపటికి అడిగాను. "మీ సొంత గొడవ ఎవరికైనా చెప్పుకున్నారా?"

"నాకేముంది?"

"ఆ మాట అనకముందే ఎందుకు లేచొస్తారు మరి?"

ఆయన కోటు గుండీ పట్టుకుని తిప్పుతూ ఉండిపోయాడు. "వినాలంటే భయం," అన్నాడు చివరికి.

నేను స్టేషన్లో బళ్ళకి వేళలు చెప్పినదాన్ని, ఇలాంటివి తేల్చడం నాకు తెలుసు. "మీరు కొలిచిన జోడు గురువారం నేను తొడుక్కుంటాను. నా వెనకే మీరు రెండోసారి వెళ్ళండి," అన్నాను. ఆయన లేచి ఐదో అంతస్తుకి ఎక్కిపోయాడు.

గురువారం వచ్చింది. డాక్టరమ్మ గది నా తలుపుకి నాలుగడుగుల దూరం. కానీ దొన్ ఇలారియో శాసనం ప్రకారం మొదటిసారి పద్ధతిగా జరగాలి. అంచేత నేను మంచి జోడు తొడుక్కుని, లిఫ్టులో కిందికి దిగి, వీధిలోకి వెళ్ళి గంట నొక్కాను. ఆయెలేన్ దిగొచ్చి తలుపు తీసింది. నన్ను రోజూ వరండాలో చూసే పిల్లే, అయినా కొత్తమనిషిని చూసినట్టు చూసింది. మళ్ళీ మూడో అంతస్తుకి ఎక్కాం, ఇద్దరం నంబర్లు చూస్తూ.

అన్నీ ఆయన చెప్పినట్టే జరిగాయి. మంచం లేదు. గడియారం నా వెనకాల ఉంది. రుమాళ్ళ పెట్టె పక్కనే ఉంది. "ఏమిటిలా వచ్చారు?" అని ఊరుకుంది. బస్సు ఆలస్యమైందని మొదలుపెడదామంటే నేను పక్క గదినుంచి వచ్చానాయె. చివరికి నోరు తెరిచేసరికి అలవాటు కొద్దీ స్టేషన్ గొంతు వచ్చింది.

"ప్రయాణికులకు గమనిక," అన్నాను గదంతా మారుమోగేలా. "మా అక్క పేరు ఒతీలియా."

ఎన్ని ఊళ్ళ పేర్లు పిలిచానో ఈ నోటితో, దాని పేరు మాత్రం అది పోయిన దగ్గర్నుంచి పైకి అనలేదు. అనడానికి ఎవరున్నారు? లిఫ్టులో ఎవరైనా ఎక్కితే నేను చెప్పాలనుకున్నది అదే. తర్వాత రుమాళ్ళ పెట్టె దగ్గరికి జరిగింది, నేను జరిపానో ఆ అమ్మాయి జరిపిందో గుర్తులేదు. ఒతీలియా గురించి చాలా చెప్పాను, మధ్యలో చిన్నప్పటి కుక్కపిల్ల కూడా వచ్చింది.

మంచి పట్టులో ఉండగా ఆయెలేన్ కాస్త ముందుకి వంగి, "సరే, ఇక్కడితో వదిలేద్దాం," అంది.

నేను ఫక్కున నవ్వాను. ఏడుపు మొహంతోనే నవ్వాను. ఎందుకని అడిగితే, "షట్టరు దించడమేగా," అన్నాను. ఆ పిల్లకి అర్థం కాలేదు, అయినా నవ్వి, మళ్ళీ గురువారం రమ్మంది.

అక్కడే జరిగింది పొరపాటు. సిట్టింగు అయిపోగానే పేషెంటుని కిందిదాకా దింపి వీధి తలుపు తీసి పంపించాలి. ఆ అమ్మాయి అలవాటు కొద్దీ తాళంచెవి తీసింది, నేను కూడా మర్యాద కొద్దీ వెనకే నడిచాను. నా ఇంటి తలుపు ముందునుంచే ఇద్దరం నడిచివెళ్ళి లిఫ్టెక్కాం. ఈవిడ ఇల్లు ఇదేగా అని ఆ అమ్మాయి అనలేదు, ఇదే మా ఇల్లని నేనూ అనలేదు. వీధిలోకి వచ్చాక చూసుకుంటే నా తాళంచెవి ఇంట్లోనే ఉంది. కంగారులో తలుపు లాగేసి వచ్చాను.

గుమ్మం పక్కన దొన్ ఇలారియో నించునున్నాడు. జోళ్ళు అద్దాల్లా మెరుస్తున్నాయి. కాలివేళ్ళు తలుపు వైపు, మడమలు బస్టాపు వైపు.

బయటికొచ్చే పేషెంటూ లోపలికెళ్ళే పేషెంటూ ఒకరినొకరు చూసుకోకూడదు. అది కూడా మర్యాదే. ఆయన నన్ను చూడలేదు, నేను ఆయన్ని చూడలేదు. కాకపోతే దాటుతూ, గాలికి చెబుతున్నట్టు, "మళ్ళీ రమ్మనే దాని అర్థం," అన్నాను. ఆయన లోపలికెళ్ళాడు. తలుపు మూసుకుంది.

బిల్డింగు తాళాల గుత్తి ఆయన జేబులోనే ఉంది. ఆయన వచ్చేదాకా నాకు ఇల్లు లేదు. ఎదురు హోటల్లో కిటికీ బల్ల దగ్గర కూర్చున్నాను. మాస్టారేరని ఫెర్మీన్ అడిగాడు. రెండో సిట్టింగుకి వెళ్ళాడని చెప్పాను. ఫెర్మీన్ చేతిలో పళ్ళెం బల్లమీద పెట్టేసి, కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. ఇద్దరం తలుపుకేసి చూస్తూ ఉన్నాం. టైము అయిపోయింది, తలుపు తెరుచుకోలేదు. ఆయన ముందే లేచిరాలేదన్నమాట.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. దొన్ ఇలారియో వచ్చి నా ఎదుట కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. ఆయన్ని కోటు లేకుండా చూడడం నాకదే మొదలు.

"అందా?" అనడిగాను.

"అంది."

"ఎలా ఉంది?"

"షట్టరు దించినట్టే ఉందండీ," అన్నాడు ఆశ్చర్యంగా. "నేను చెప్పింది నిజమే. ఇంతమందికి చెబుతూ వచ్చాను గాని, అబద్ధం చెబుతున్నానేమోనని లోపల భయంగానే ఉండేది."

ఫెర్మీన్ నోరు తెరిచాడు, ఎప్పటి మాట అనబోయి మానేశాడు. లేచి రెండు కాఫీలు తెచ్చాడు.

ఈ వార్త సముద్రపొడ్డు దాకా పాకింది. ఫిబ్రవరిలో తిరిగొచ్చిన డాక్టర్లు ఆయన్ని చూసి చెట్లకేసి చూడడం మర్చిపోయారట, ఆయనకేసే చూశారట. దొన్ ఇలారియో ఇప్పుడు ప్రతి గురువారం వెళ్తాడు. సులేమా గురించి చెబుతాడో జోళ్ళ గురించి చెబుతాడో నేనడగను. నాది ఆయన ముందు గంట కాబట్టి గుమ్మం దగ్గర ఒకరినొకరు చూసుకోం. సాయంత్రం మా వంటింట్లో కూర్చుని ఒకే గొట్టంతో వంతులవారీగా మాతే ఆకుల టీ తాగుతాం, అప్పుడు చూసుకుంటాం. గురువారాలు కాని రోజుల్లో ఆయన ఎవరివో బాధలు కోటులా తొడుక్కుని కొత్త గదులు వెతుకుతూనే ఉన్నాడు. మొన్న ఆయనకి నాటకంలో డైలాగులు మర్చిపోయే జబ్బు వచ్చింది.

నేను చెత్త తీసుకుని రోజుకి ఒక్కసారే దిగుతున్నాను. నిన్న లిఫ్టులో ఆయన ఎదురై, పెద్దమనిషి తరహాగా నా చేతిలో సంచీ అందుకున్నాడు. అందుకుని, చెయ్యి కిందికి లాగడంతో ఉలిక్కిపడ్డాడు.

"ఏమిటీ, ఇంత బరువుగా ఉంది?"

"మాతే పిప్పి, నారింజ తొక్కలు," అన్నాను. "ఇద్దరి చెత్త కదా."

ఆయన సంచీ రెండో చేతికి మార్చుకుని, నా కాళ్ళకేసి చూశాడు. ఇంట్లో తొడుక్కునే పాత చెప్పులతోనే దిగాను. అది చూసి బాగా నవ్వాడు.